ఎప్పుడూ తారు రోడ్డు దాటనివారికి కొండలెక్కే బండి ఎందుకు?

పాత సర్వేయరు:

మా భవనంలో నాలుగో అంతస్తు నాది. ఉద్యోగ విరమణ చేసినప్పటి నుంచి పొద్దున్నే బాల్కనీలో కూర్చుని, కింద నుంచి కార్లు ఒక్కొక్కటే బయటికి వెళ్లడం చూస్తుంటాను. మొత్తం 18 ఉన్నాయి. వాటిలో ఏడింటి వాలకం చూస్తే రేపే ఎడారి దాటడానికి బయలుదేరుతున్నట్టు ఉంటుంది. నా స్కూటరు పక్కన నిలిపేది మరీ ప్రత్యేకం. ముందు బంపరులో దిగబడిన బండిని లాగడానికి ఇనుప తాడు చుట్టిన వించి, పైకప్పు మీద సామాన్ల చట్రం, వెనక ఒక నిచ్చెన, ముందు అద్దం అంచు వెంట పైకి లేచిన నల్లటి గాలి గొట్టం. వాగు దాటేటప్పుడు ఇంజనులోకి నీళ్లు పోకుండా పెట్టే గొట్టం అది. మూడేళ్లుగా చూస్తున్నాను. ఆ టైర్ల గాడుల్లో ఒక్క మట్టి బెడ్డ కనిపించలేదు. పొద్దున బడి, ఆ తర్వాత ఆఫీసు, సాయంత్రం ఇల్లు. అంతే.

వెటకారంగా అడగడం లేదు. సర్వే పని మీద 22 ఏళ్లు జీపులో తిరిగినవాణ్ని. తారు ఆగిన చోట మా పని మొదలయ్యేది. ఆ జీపులో ముందు చక్రాలకు శక్తి అందాలంటే కిందికి దిగి, ముందు చక్రాల నడుమనున్న హబ్బులను చేత్తో తిప్పాలి. గట్టి నేల మీద ఉండగానే తిప్పుకోవాలని అందరికీ తెలుసు. కానీ చక్రం దిగబడిన తర్వాతే గుర్తొచ్చేది. అప్పుడు మోచేతి వరకు బురదలో పెట్టి, ఆ మీట ఎక్కడుందో తడుముకోవాలి. గేరుబాక్సు వేడికి ఎడమ కాలు మాడేది, వానొస్తే కుడి భుజం తడిసేది. నా నడుము నొప్పి ఆ జీపు ఇచ్చిన పింఛనే. ఉద్యోగం అయిపోయిన రోజునే ఇక అలాంటి బండి ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను.

మరి ఎవరూ బలవంతపెట్టకుండానే వీళ్లు ఆ బండిని ఎందుకు కొంటున్నారు? దయచేసి 'హోదా కోసం' అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. హోదాకైతే పొడవాటి సెడాన్లు ఉండనే ఉన్నాయి.

ఎత్తు సీటు:

హోదా సంగతి నాకు తెలియదు, నేను మాత్రం అమ్మ మోకాళ్ల కోసం కొన్నాను.

మా పాత కారు సీటు నేల నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేది. అమ్మ అందులో కూర్చోవడం కాదు, పడేది. దిగాలంటే నేను చెయ్యి పట్టి లాగాలి. కొత్త బండి చూడటానికి వెళ్లినప్పుడు అమ్మనూ, కొలత టేపునూ వెంట తీసుకెళ్లాను. అమ్మేవాళ్లు ఇంజను గురించి చెబుతుంటే నేను సీటు ఎత్తు కొలుస్తున్నాను. మీరు చెబుతున్న అసలు సిసలు కొండ బండి అమ్మకు పనికిరాలేదు. దాని సీటు 80 దాటింది, పక్కన మెట్టు ఉన్నా అమ్మ ఎక్కలేకపోయింది. చివరికి 66 దగ్గర ఉన్నది దొరికింది. తుంటి పక్కకు జరిపితే చాలు, కూర్చోవచ్చు. దాని వెనక తలుపు మీద కొండ బొమ్మ ఉంది, అది నేను అడిగి వేయించుకున్నది కాదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. నేను పొట్టిదాన్ని. పాత కారులో ఉన్నంతకాలం ముందున్న లారీ నంబరు పలకే నా ప్రపంచం. ఇప్పుడు నాలుగు బండ్ల అవతల బ్రేకు లైటు వెలిగినా కనిపిస్తుంది. ఒకసారి ఆ ఎత్తుకు అలవాటు పడ్డాక కిందికి దిగడం కష్టం. పైగా వానలకు మా వీధిలో నీళ్లు నిలిస్తే చిన్న కార్లన్నీ ఆగిపోయిన చోట నేను ఇంటికి చేరాను.

గ్యారేజీ మనిషి:

సర్వేయరు గారూ, మీ హబ్బుల మాట చదివి చాలాసేపు నవ్వుకున్నాను. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు వాటిని చూడనే లేదు. ఇప్పుడు సీటు పక్కన చిన్న మర తిప్పితే సరిపోతుంది.

ముందు మీ లెక్క సరిచేయాలి. ఆ ఏడింటిలో నిజంగా నాలుగు చక్రాలకూ శక్తి అందేవి రెండో మూడో ఉంటాయని నా అంచనా. ఒకసారి కిందికి వంగి చూడండి. ముందు ఇరుసు దగ్గరా వెనక ఇరుసు దగ్గరా రెండు చోట్లా డిఫరెన్షియల్, అంటే మలుపులో చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్లచక్రాల పెట్టె, ఉబ్బెత్తుగా ఉండి, నడుమనున్న పెట్టె నుంచి రెండింటికీ షాఫ్టులు వెళ్తుంటే అది మీ పాత జీపు వంశమే. వెనక ఒక్కచోటే ఉంటే వెనక చక్రాలు తోసే బండి. వెనక అసలేమీ లేకపోతే, అది మామూలు కారుకు ఎత్తు మడమల చెప్పులు తొడిగినట్టు. తప్పేమీ కాదు. ఎత్తు సీటు గారికి కావలసింది అదే. గాలి గొట్టం కూడా చూడండి. లోపల ఎయిర్ ఫిల్టరు డబ్బాకు కలిసి ఉండాలి. ఊరికే బయట అతికించి వదిలేసినవి నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి.

ఇక అసలైనవి. వాటితో నా దగ్గరికి వచ్చేవాళ్ల బాధ అరుగుదల కాదు, వాడకపోవడం. పాత పద్ధతి ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో నడుమ డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి, షాఫ్టులేమో రెండూ ఒకే వేగంతో తిరగాలి. మట్టి మీదైతే టైరు కాస్త జారి ఆ తేడాను తీర్చేస్తుంది. ఎండిన తారు మీద జారదు కదా, షాఫ్టులు మెలిపడి బండి బిగుసుకుపోతుంది. అందుకే తారు మీద వాడొద్దని పుస్తకంలోనే రాసి ఉంటుంది. మా నగరవాసులు బుద్ధిగా ఆ మాట పాటిస్తారు. అయిదేళ్లు ఆ మీట ముట్టుకోరు. ఆరో ఏట ఎక్కడో ఇసుకలో దిగబడి తిప్పితే కదలదు. లోపల గేరును జరిపే ఫోర్కు పట్టేసి ఉంటుంది. నెలకొకసారి ఏదైనా మట్టి మైదానంలో పది నిమిషాలు వేసి నడపండి, నూనె అంతా తిరుగుతుంది అని చెబుతాను. మట్టి మైదానం ఎక్కడుంది అని అడుగుతారు.

డీజిలు బండ్లకు ఇంకో తంటా. పొగ దారిలో మసిని పట్టే వడపోత ఉంటుంది. పట్టిన మసిని అది తానే కాల్చుకోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. రెండు కిలోమీటర్ల బడి ప్రయాణంలో ఇంజనే సరిగా వేడెక్కదు. హెచ్చరిక దీపం వెలిగించుకుని వస్తారు. నేను పెద్ద రోడ్డు మీద అరగంట పరిగెత్తించి, కడుపు ఖాళీ చేయించి తెచ్చి ఇస్తాను. రెండు టన్నుల బండికి నేను చేసే వైద్యం ఉదయపు నడకే.

నాకు కోపం తెప్పించేది టైర్లు. పెద్ద పెద్ద దిమ్మెల బురద టైర్లు వేయించుకుంటారు. వాటిలో గాడులు ఎక్కువ, నేలకు ఆనే రబ్బరు తక్కువ. తడి తారు మీద ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటాయి. 'నాలుగు చక్రాల బండి కదా, పట్టు ఉంటుంది' అంటారు. ఆ శక్తి కదలడానికి, లాగడానికి పనికొస్తుంది. ఆగడానికి కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి.

ఎత్తు సీటు గారూ, నిలిచిన నీళ్లలో మీరు బయటపడ్డారు, సంతోషం. పారే నీళ్లలో మాత్రం ఆ ధైర్యం చేయకండి. 30 సెంటీమీటర్ల ప్రవాహం చిన్న కారును కదిలిస్తుంది, 60 ఉంటే మీ బండిని కూడా తీసుకుపోతుంది. ఎంత ఎత్తుగా ఉన్నా లోపల గాలి నిండిన డబ్బానే కదా, తేలుతుంది.

ఎందుకు కొంటారన్నది నేనూ అడుగుతుంటాను. ఒకాయన డిక్కీలో లాగుడు పట్టీ కనిపించింది, అయిదేళ్లయినా ప్లాస్టిక్ కవరు విప్పలేదు. ఎప్పుడైనా వెళ్లారా అన్నాను. లేదన్నారు. 'అది వెనక ఉందని గుర్తొస్తే సోమవారం ట్రాఫిక్‌లో కాస్త ఊపిరాడుతుంది' అన్నారు. నవ్వబోయి ఆగాను. నా పెట్టెలో కూడా ఇరవై ఏళ్లుగా వాడని పానాలు ఉన్నాయి, ఎవరైనా అడిగితే ఇవ్వను.

రెండు చక్రాలు చాలు:

ఇంత ప్రేమగా మాట్లాడుకుంటున్నారు, ఆ బండ్ల ముందు సైకిలు తొక్కేవాడి మాట కూడా వినండి.

సర్వేయరు గారు హోదా మాట వద్దన్నారు, కానీ ఈ బండ్ల కథే హోదా మారిన కథ. 1941లో మొదలైన విల్లీస్ జీపు యుద్ధం కోసం. ఫోర్డు వాళ్లూ కలిసి ఆరు లక్షలకు పైగా తయారు చేశారు, అందులో సుఖం ఊసే లేదు. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో కనిపించిన ల్యాండ్ రోవర్ రైతు కోసం. యుద్ధం తర్వాత ఉక్కు కొరత వల్ల ఒంటికి అల్యూమినియం వాడారు, ఇంజను శక్తితో పొలం యంత్రాలు తిప్పే ఏర్పాటు కూడా పెట్టారు. 1970 నాటి మొదటి రేంజ్ రోవర్‌కు కూడా వినైల్ సీట్లే. లోపల బురదైతే నీళ్ల గొట్టంతో కడిగేయవచ్చు. ఆ తర్వాత తోలు సీట్లు వచ్చాయి. నీళ్లతో కడిగే రోజులు అక్కడితో అయిపోయాయి. లండన్‌వాళ్లు వీటికి 'చెల్సీ ట్రాక్టర్' అని పేరు పెట్టారు. చెల్సీ అక్కడి సంపన్నుల పేట, ట్రాక్టరుకు అక్కడ దున్నే పని లేదు.

చట్టం పుణ్యం కూడా ఉంది. 1975లో అమెరికా ఇంధన పొదుపు చట్టం తెచ్చినప్పుడు కార్లకు ఒక మైలేజీ కొలత, తేలికపాటి ట్రక్కులకు అంతకంటే సడలిన కొలత వచ్చాయి. కొండలెక్కే రూపమున్న బండి ట్రక్కుల లెక్కలో పడింది. తయారీదారులకు ఇంకేం కావాలి? కొనేవాళ్లు అడిగారా, వాళ్లు అంటగట్టారా అంటే రెండూ నిజమే అంటాను.

ఇక ఆ ఎత్తు. అమ్మగారి మోకాళ్ల గురించి నాకు ఏ అభ్యంతరమూ లేదు. సీటుతోపాటు బానెట్టు ఎందుకు ఎదగాలి? అమెరికాలో బీమా సంస్థల డబ్బుతో నడిచే హైవే భద్రతా సంస్థ 2023లో దాదాపు 18,000 పాదచారుల ప్రమాదాలను పరిశీలించింది. బానెట్టు అంచు 40 అంగుళాలు దాటిన బండ్ల వల్ల, 30 అంగుళాలు మించకుండా వాలుగా ఉన్న ముక్కు గల కార్ల కంటే, పాదచారి చనిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని తేలింది. తగిలేది కాలికి కాదు, ఛాతీకి. మా పాప ఎత్తు 104 సెంటీమీటర్లు, అంటే 40 అంగుళాలకు ఒక వేలెడు ఎక్కువ. అలాంటి బండి ముందు నిలబడితే నడిపేవారికి దాని జుట్టు మాత్రమే కనిపిస్తుంది, అదీ దూరంగా ఉంటేనే. పైగా పక్కవారి ఎత్తు వల్ల నాకు దారి కనిపించడం లేదని ఇంకొకరు ఎత్తు బండి కొంటారు. ఎత్తు సీటు గారు నాలుగు బండ్ల అవతలి బ్రేకు లైటు చూస్తున్నారు. ఆవిడ వెనక ఉన్నవారు ఏం చూస్తున్నారు?

ఎత్తు సీటు:

ఒప్పుకుంటున్నాను. నిన్న టేపు తీసి బానెట్టు కొలిచాను, 98 సెంటీమీటర్లు. కొనేటప్పుడు అటువైపు టేపు పెట్టాలని తోచలేదు.

పాత సర్వేయరు:

గ్యారేజీ మనిషి గారు చెప్పినట్టే, ఆదివారం పొద్దున పార్కింగ్‌లో నడుము పట్టుకుని ఒకటొకటిగా వంగి చూశాను. ఏడింటిలో రెండు చోట్లా ఉబ్బెత్తు ఉన్నవి రెండే. నా స్కూటరు పక్కదానికి వెనక ఒక్కటే. గాలి గొట్టం ఎక్కడికి పోతుందో చూద్దామని తల వంచానో లేదో, వెనక నుంచి దాని యజమాని గొంతు. 'ఏమైనా పడిపోయిందా అండీ?'

అబద్ధం ఆడే వయసు కాదు, చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. బానెట్టు ఎత్తి చూపించారు. గొట్టం దేనికీ కలవలేదు. నాలుగు చక్రాలది కొనాలనుకున్నారట, ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదట. నిచ్చెన మాత్రం అసలుదేనని, పోయిన నెల పార్కింగ్‌లో కాలిపోయిన బల్బు దాని మీద ఎక్కే మార్చానని చెప్పారు. అవును, వెలుగు వచ్చింది, నేనూ గమనించాను.

తర్వాత నన్ను నడిపే సీటులో కూర్చోబెట్టారు. ఎక్కేటప్పుడు నడుము కలుక్కుమనలేదు, ఈ మాట ఎత్తు సీటు గారి ఖాతాలో వేస్తున్నాను. ప్రహరీ గోడ మీదుగా రోడ్డు అవతలి చెట్టు దాకా కనిపించింది. ముందు చక్రం పక్కనున్న నా స్కూటరు మాత్రం కనిపించలేదు, ఇది సైకిలు ఆయన ఖాతా.

హబ్బుల గురించి ఆయన అరగంట అడిగారు. ఎక్కడ తిప్పేవారు, ఎటు తిప్పేవారు, మరిచిపోతే ఏమయ్యేది అని. నా ఉద్యోగం గురించి అంత శ్రద్ధగా ఎవరూ అడగలేదు, ఇంట్లోవాళ్లతో సహా. చివరికి పత్రిక అంచు మీద ఒక పాత బాట గీసి ఇచ్చాను. మేము గుట్ట మీద గుర్తు రాయి పాతిన చోటికి పోయేది. వాగు దగ్గర ఒక ఇంటూ గుర్తు పెట్టి, 'ఇక్కడ దిగి నడవాలి, మీ బండి దాటదు' అని రాశాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి సన్ వైజరు కింద పెట్టుకున్నారు. వెళ్లే రోజు నన్నూ రమ్మంటున్నారు. ముందు సీటైతే వస్తానన్నాను.