ఇంట్లో కొట్లాట చూసిన పిల్లాడిని మాట్లాడించాలా, ఊరుకోవాలా?

కావలి అబ్బాయి, బెంగళూరు:
తల్లిని తండ్రి కొడుతుంటే ఏడేళ్ల పిల్లాడు చూశాడనుకోండి. వాడి మీద చెయ్యి పడలేదు. మర్నాడే కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించాలనేది నా వాదన. లోపల పెట్టుకుంటే ముదురుతుంది.

జేపీ నగర్ రమ:
దెబ్బ తగలకపోయినా, ఎదురుగా చూడడం కూడా పీటీఎస్‌డీకి (భయంకర అనుభవం తర్వాత మనసును వదలని జబ్బుకి) దారితీయొచ్చు. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం మానసిక జబ్బుల పుస్తకం డీఎస్‌ఎం-5 అలాగే లెక్కిస్తుంది. కానీ మర్నాడే చెప్పించడం తప్పండీ. ఒక్క సిట్టింగులో అంతా కక్కించే పద్ధతి పేరు డీబ్రీఫింగ్. బ్రిటన్‌లో వైద్యానికి ప్రమాణాలు చెప్పే సంస్థ నైస్ ఇచ్చిన 2018 మార్గదర్శకాలు దాన్ని వద్దన్నాయి. మొదటి వారాల్లో వాడికి కావలసినవి వేళకు నిద్ర, తిండి, ఎప్పటి బడి, పక్కన ఒక నమ్మకమైన మనిషి. భయం చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. లక్షణాలు నెల దాటినా ఉంటేనే పీటీఎస్‌డీ అంటారు.

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
రమగారూ, మీ మాట పట్టుకునే ఇళ్లల్లో 'చిన్నోడు, మరిచిపోతాడు' అని చేతులు దులుపుకుంటారు. ఎదురుచూడడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. ఆ నెలంతా కనిపెట్టి చూడాలి: బొమ్మలతో అదే కొట్లాట మళ్లీ మళ్లీ ఆడుతున్నాడా, పక్క తడపడం మళ్లీ మొదలైందా, తలుపు చప్పుడుకే ఉలిక్కిపడుతున్నాడా, ఆ గదిలోకి పోనంటున్నాడా. క్లాసులో ఇదే ధ్యాస లేకపోవడంలా కనిపిస్తుంది. టీచరు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని, కుదురుండని సమస్య) అని ముద్ర వేస్తే అసలు కారణం అడిగేవాళ్లుండరు. లక్షణాలు ఆరు నెలల తర్వాత పూర్తిగా బయటపడే పిల్లలూ ఉన్నారు.

కావలి అబ్బాయి:
మరి ఎప్పటికీ మాట్లాడించొద్దా?

జేపీ నగర్ రమ:
మాట్లాడించాలి, వరస తప్పకుండా. ట్రామా (మనసుకు తగిలిన గాయం) మీద పనిచేసే సీబీటీ, అంటే ఆలోచననీ ప్రవర్తననీ మార్చే మాటల చికిత్స, మామూలుగా 12 నుంచి 16 సిట్టింగులు. ముందు ఊపిరి నెమ్మదించుకోవడం, భయానికీ కోపానికీ పేరు పెట్టడం నేర్పుతారు. ఆ తర్వాతే సంఘటనను ముక్కముక్కలుగా చెప్పిస్తారు. తల్లికీ విడిగా సిట్టింగులుంటాయి. మొదటి మెట్లు ఎగ్గొట్టి కథలోకి దూకితే పిల్లాడు బిగుసుకుపోయి రానంటాడు.

ఇంకోటి. కొట్టే మనిషి ఇంకా ఇంట్లోనే ఉంటే పిల్లాడి అప్రమత్తత జబ్బు కాదు, అవసరం. అప్పుడు థెరపీ కంటే ముందు భద్రత: ఏ పొరుగింటికి పరిగెత్తాలి, అత్యవసర నంబరు 112కి ఎలా ఫోన్ చెయ్యాలి, మధ్యలో అడ్డం వెళ్లకూడదని చెప్పడం. తల్లికి మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది.

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
దీనికి ఒప్పుకుంటా. మన ఊళ్లో భాష ఇంకో చిక్కు. పిల్లాడు బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడ మాట్లాడినా ఆ రాత్రి కేకలు విన్నది తెలుగులో. తెలుగొచ్చిన కౌన్సెలర్ని అడగండి. తల్లినో అక్కనో దుబాసీగా కూర్చోబెట్టకండి, వాళ్ల ముందు సగం మింగేస్తాడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు. నేరుగా వెళ్లాలంటే బెంగళూరు మానసిక ఆస్పత్రి నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక విభాగం ఉంది.

కావలి అబ్బాయి:
నెల ఆగడం ఇప్పటికీ నాకు మింగుడు పడట్లేదు. పిల్లాడే వచ్చి అడిగితే?

జేపీ నగర్ రమ:
అడిగినంతకు నిజం చెప్పండి, 'నీ తప్పు కాదు' అనీ చెప్పండి. వాడు ఆపిన చోట మీరూ ఆపండి.