టన్నా, ఆంబ్రిమ్ దీవుల అగ్నిపర్వత యాత్ర: ప్రణాళికపై సలహా కావాలి

ప్రశ్న – దూరదారి

దక్షిణ పసిఫిక్‌లోని వనువాటు దేశానికి వచ్చే ఆగస్టులో నేనూ, నా మిత్రుడూ వెళ్లాలని అనుకుంటున్నాము. మా చేతిలో ఉన్నవి పన్నెండు రోజులు. ముందుగా టన్నా దీవిలో యాసుర్ అగ్నిపర్వతాన్ని బిలం అంచున నిలబడి చూసి, అక్కడి నుంచి ఆంబ్రిమ్ దీవికి వెళ్లి, గుడారాలలో రాత్రులు గడుపుతూ మారుమ్, బెన్‌బో బిలాల వరకు నడిచి లావా సరస్సులను చూడాలన్నది మా కోరిక. కొండలు ఎక్కిన అనుభవం ఇద్దరికీ ఉంది గానీ, నిప్పు కక్కుతున్న కొండ దగ్గరకు వెళ్లడం ఇదే మొదటిసారి. ఇంత తక్కువ వ్యవధిలో రెండు దీవులు సాధ్యమేనా? బిలం అంచున ప్రమాదాన్ని ఎలా అంచనా వేసుకోవాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు – నల్లబూడిద

మీ ప్రణాళికలో ముందుగా మార్చుకోవలసింది లావా సరస్సు గురించిన ఆశ. ఆంబ్రిమ్‌ మీద మీరు చూసిన ఫొటోలు, వీడియోలు చాలావరకు 2018 డిసెంబరుకు ముందువి అయి ఉంటాయి. ఆ నెలలో బిలాల కింద ఉన్న శిలాద్రవం భూమి లోపలే పక్కదారి పట్టి, దీవి ఆగ్నేయ దిశగా ప్రవహించి, చివరకు సముద్రం అడుగున బయటపడింది. దానితో కొద్ది రోజుల్లోనే సరస్సులు ఇంకిపోయాయి, మధ్యనున్న విశాలమైన అగ్నిబిలం నేల కుంగింది, ఆగ్నేయ తీరంలోని పామల్ గ్రామంలో నేల బీటలు వారి ఇళ్లు దెబ్బతిన్నాయి. ఆ పాత సరస్సులు తరువాత ఆ రూపంలో తిరిగి ఏర్పడలేదు.

అంతమాత్రాన ఆంబ్రిమ్‌కు వెళ్లడం వృథా అని నేను అనను. దాదాపు పన్నెండు కిలోమీటర్ల వెడల్పున్న ఆ బూడిద మైదానం మీద నడవడమే ఒక గొప్ప అనుభవం. అడవిలోంచి పైకి వచ్చి, ఒక్క చెట్టయినా లేని నల్లటి నేల మీద అడుగు పెట్టినప్పుడు కలిగే విస్మయం కోసమైనా వెళ్లవచ్చు. అయితే ఎర్రగా మరిగే లావాను చూడటమే మీ ప్రధాన ఉద్దేశమైతే, పన్నెండు రోజులనూ టన్నాకే కేటాయించమని గట్టిగా చెబుతాను.

జవాబు – గాలివాటం

యాసుర్ ఎత్తు 361 మీటర్లు మాత్రమే. వాహనం దాదాపు అంచు దాకా వెళుతుంది, ఆ తరువాత ఎక్కవలసింది చాలా కొద్ది దూరం. ఇంత సులువుగా చేరుకోగలగడం వల్లే చాలామంది అక్కడి ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేస్తారు. 1774లో కెప్టెన్ కుక్ ఓడను ఈ దీవి వైపు రప్పించిన వెలుగు ఈ కొండదే, అప్పటి నుంచి ఇప్పటి దాకా అది దాదాపు ఎడతెరిపి లేకుండా పేలుతూనే ఉంది.

ఆ పేలుళ్లు ఎలా జరుగుతాయో తెలుసుకుంటే మీరు ఎక్కడ నిలబడాలో మీకే అర్థమవుతుంది. శిలాద్రవంలో పుట్టిన వాయువు పెద్ద బుడగలుగా పైకి వచ్చి ఉపరితలం దగ్గర పగులుతుంది, ఆ తాకిడికి కరిగిన రాతి ముద్దలు గాలిలోకి ఎగురుతాయి. మామూలుగా అవి బిలం లోపలే పడతాయి, కానీ ఒక్కో పేలుడు మిగతావాటికంటే ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది, అది ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. 1990ల్లో ఇక్కడ అలా పడిన రాళ్లకు సందర్శకులు ప్రాణాలు కోల్పోయారు. పెద్ద పేలుడు జరిగినప్పుడు వెనుదిరిగి పరుగెత్తకూడదు. తల ఎత్తి, ఏ రాయి ఏ వైపు వస్తున్నదో చూసి, అవసరమైతే పక్కకు జరగాలి. మన వైపు వచ్చే రాయి ఆకాశంలో కదలనట్టుగా కనిపిస్తూ పెద్దదవుతుంది, పక్కకు పోయేది జారుతున్నట్టు కనిపిస్తుంది. ఈ తేడాను గైడును అడిగి అక్కడే మరొకసారి చెప్పించుకోండి. కెమెరా తెరలోనుంచే చూస్తూ ఉండే మనిషికి ఇది అందదు.

ఆ దేశపు వాతావరణ, భూవిపత్తుల శాఖ ప్రతి అగ్నిపర్వతానికీ 0 నుంచి 5 వరకు హెచ్చరిక స్థాయిని ప్రకటిస్తుంది. బయలుదేరే ముందూ, రాజధాని పోర్ట్ విలా చేరాకా, కొండకు వెళ్లే రోజు ఉదయమూ దానిని చూడాలి. స్థాయి పెరిగితే అంచుకు దారి మూసివేస్తారు, అలాంటప్పుడు ఎవరో రహస్యంగా తీసుకువెళతామన్నా ఒప్పుకోవద్దు. స్థాయి తక్కువగా ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్టు కూడా కాదు. న్యూజిలాండ్‌లోని వకారి దీవి మీద 2019 డిసెంబరు 9న 22 మంది మరణానికి కారణమైన పేలుడు, అక్కడి కొలమానంలో 2వ స్థాయి అమలులో ఉన్నప్పుడే జరిగింది.

జవాబు – లంగరు

నేను రోజుల లెక్క గురించి మాత్రమే మాట్లాడతాను, ఎందుకంటే ఇలాంటి యాత్రలు చెడిపోయేది ఎక్కువగా అక్కడే. పోర్ట్ విలా ఎఫాటే దీవిలో ఉంది. టన్నాకు దక్షిణంగా, ఆంబ్రిమ్‌కు ఉత్తరంగా ప్రయాణించాలి, కాబట్టి రెండూ చూడాలంటే దాదాపు ప్రతిసారీ మధ్యలో రాజధానికి తిరిగి రావలసిందే. దీవుల మధ్య నడిచేవి చిన్న విమానాలు. వాతావరణం బాగాలేకపోయినా, బూడిద ఎగసినా అవి రద్దవుతాయి, సామాను బరువు మీద పరిమితి కూడా కఠినంగానే ఉంటుంది. 2024 మే నెలలో ఆ దేశపు జాతీయ విమాన సంస్థే కార్యకలాపాలు ఆపివేసింది. అదే ఏడాది డిసెంబరు 17న 7.3 తీవ్రతతో వచ్చిన భూకంపం పోర్ట్ విలాను దెబ్బతీసినప్పుడు, విమానాశ్రయంలో మామూలు ప్రయాణికుల విమానాలు కొన్ని రోజుల పాటు నిలిచిపోయాయి. కాబట్టి టన్నా నుంచి తిరిగి వచ్చిన రోజే అంతర్జాతీయ విమానం ఎక్కేలా టికెట్లు కొనవద్దు. మధ్యలో కనీసం రెండు ఖాళీ రోజులు ఉండాలి.

ఆగస్టును ఎంచుకోవడం మంచి ఆలోచన. తుఫానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఉంటుంది, 2015 మార్చిలో పామ్ తుఫాను టన్నాను అతలాకుతలం చేసింది. అక్కడి కరెన్సీ అయిన వాటు నోట్లను, ముఖ్యంగా చిన్న నోట్లను, రాజధానిలోనే తీసుకుని వెళ్లండి, పల్లెల్లో కార్డులను నమ్ముకోవడానికి వీలుండదు. బీమా పత్రంలో క్రియాశీల అగ్నిపర్వతాల సందర్శనకు మినహాయింపు ఏదైనా ఉందేమో, అత్యవసరంగా మరో దేశపు ఆసుపత్రికి విమానంలో తరలించే ఖర్చు చెల్లిస్తారో లేదో చదివి చూసుకోవాలి. ఆ తరలింపు ఖర్చుకు హామీ లేని పాలసీతో ఈ యాత్రకు బయలుదేరడం నా దృష్టిలో సరికాదు.

ప్రశ్నించినవారి స్పందన – దూరదారి

అందరికీ కృతజ్ఞతలు. ఆంబ్రిమ్‌ను వదిలి టన్నాలోనే ఎక్కువ రోజులు ఉండాలని నిర్ణయించుకున్నాము. ఇంకొక సందేహం ఉంది: నా మిత్రుడికి చిన్నప్పటి నుంచి కొద్దిగా ఉబ్బసం ఉంది. మంచి మాస్కు పెట్టుకుంటే సరిపోతుందా?

జవాబు – నల్లబూడిద

సరిపోదు. మనకు దొరికే ఎన్-95 మాస్కు బూడిద రేణువులను ఆపుతుంది గానీ, ఉబ్బసం ఉన్నవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు దానిలోనుంచి వెళ్లిపోతుంది. ఆయన ముందుగా వైద్యుడిని సంప్రదించి, ఇన్‌హేలరును సంచిలో కాకుండా చొక్కా జేబులోనే ఉంచుకోవాలి. గాలి బిలం మీదుగా మీ వైపు వీస్తున్నట్టయితే ఆ సాయంత్రం పైకి వెళ్లకపోవడమే మేలు. అదనంగా ఉంచుకునే రోజులు ఇక్కడే ఉపయోగపడతాయి: మూడు సాయంత్రాలు చేతిలో ఉంటే, గాలి అనుకూలంగా ఉన్నదాన్ని ఎంచుకోవచ్చు. ఇద్దరిలో ఎవరైనా కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే, ఆ రోజు కళ్లజోడు పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ బూడిద మెత్తటి పొడి కాదు, గాజు నూకలాంటిది, పళ్ల కింద కరకరలాడుతుంది, లెన్సు కింద చేరితే కంటిని గీస్తుంది.

జవాబు – గాలివాటం

ఒక్క విషయం చేర్చాలి. వనువాటు రాజ్యాంగం ప్రకారం ఆ దేశంలోని భూమి అంతా సంప్రదాయ హక్కుదారులకూ, వారి వారసులకూ చెందుతుంది. అందువల్ల యాసుర్‌కు వెళ్లినా, దారిలో కనిపించిన వేడినీటి ఊటలో దిగినా మీరు ఒకరి సొంత నేల మీద ఉన్నట్టే. గైడు లేకుండా వేరే దారిలో కొండ ఎక్కడం అక్కడివారికి తీవ్రమైన అమర్యాద. సాయంత్రం పూట మగవారు కావా (ఒక మొక్క వేరుతో చేసే మత్తు పానీయం) తాగే నకమాల్ అనే చోటుకు మిమ్మల్ని పిలిస్తే వెళ్లండి, పిలవకపోతే దూరంగానే ఉండండి. టన్నాలో సంప్రదాయం ప్రకారం ఆ వేళ స్త్రీలు అక్కడికి రారు, అక్కడ ఎవరూ బిగ్గరగా మాట్లాడరు, ఎవరి ముఖం మీదా టార్చి వెలుగు వేయరు.