వయ్యారిభామ కలుపు మొక్క (పార్థీనియం) పీకాక నాన్నగారికి దద్దుర్లు, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

మాది గుంటూరు పక్కన పల్లెటూరు. మిర్చి చేను గట్ల మీద వయ్యారిభామ మోకాలెత్తు పెరిగిందని నాన్నగారు పోయిన వారం ఒట్టి చేతులతోనే పీకేశారు. ఆ రోజు ఏమీ కాలేదు. రెండో రోజు పొద్దున లేచేసరికి కనురెప్పలు వాచి కళ్ళు సగమే తెరుచుకున్నాయి. మెడ చుట్టూ, మోచేతి మడతల్లో ఎర్రటి దద్దుర్లు. చొక్కా కప్పిన వీపు మీద మాత్రం ఒక్క పొక్కు లేదు.

మొదట దూలగొండి నూగు అనుకున్నాం. కానీ అది తగిలితే అప్పటికప్పుడే దురద పుడుతుంది కదా. ఈ మొక్క ఎలర్జీ ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుందని, ఎండిన ఆకుల పొడి గాలికి ఎగిరి మీద పడినా వస్తుందని డాక్టరుగారు చెప్పారు. పూతమందుతో ఇప్పుడు తగ్గుతోంది. నా టెన్షన్ అంతా మళ్ళీ వస్తుందేమోనని. ఆయన చేనుకు వెళ్ళకుండా ఉండలేరు.

పూత రాకముందే, వాన పడి నేల మెత్తబడ్డాక వేరుతో పీకాలని తెలుసు. మన ఎండలకు రబ్బరు గ్లోవ్స్‌లో చేతులు చెమటతో నానిపోతున్నాయి, మీరేం వాడుతున్నారు? లీటరు నీళ్ళకు 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టమంటున్నారు, గట్టు మీద కొడితే పక్కనున్న మిర్చికి దెబ్బ కాదా?

ఇంకొకటి. చామంతి కూడా వయ్యారిభామ కుటుంబం మొక్కే అట. అమ్మ రోజూ పూజకు చామంతులే తెస్తుంది. ఈ ఎలర్జీ ఉన్నవాళ్ళ ఇంట్లో ఆ పూలు మానేశారా? దయచేసి చెప్పండి.