షఫుల్‌బాటమ్ అనే ఇంటిపేరు, అందులోని బుధ్నం

‘షఫుల్‌బాటమ్’ అనే ఇంగ్లీషు ఇంటిపేరుకు అర్థమేమిటి, అసలది నిజంగా మనుషులకు ఉండే పేరేనా అని మొన్న ఇక్కడ ఒక సభ్యురాలు అడిగారు. ఆ ప్రశ్న కింద వచ్చిన జవాబుల్లో చాలావరకు నవ్వులే ఉన్నాయి. పేరు వినగానే నవ్వు రావడం సహజమే కావచ్చు గానీ, ఇంగ్లండు ఇంటిపేర్లలో ఇంత చక్కని చరిత్ర ఉన్నవి తక్కువ కాబట్టి, నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ‘బాటమ్’ సంగతి చూద్దాం. ఈ మాటకు పిరుదులు అనే అర్థం 18వ శతాబ్ది చివర్లో గాని రాతలో కనిపించదు. ఈ ఇంటిపేరు అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందే పుట్టింది. అప్పటికి, ముఖ్యంగా ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో, ఆ మాటకు లోయ అడుగు అని అర్థం: రెండు కొండవాలుల నడుమ, వాగు పారే చోట, కాస్త చదునుగా ఉండే పల్లపు నేల. ఈ అర్థం ఊళ్ళ పేర్లలో ఇప్పటికీ నిలిచి ఉంది. కేంబ్రిడ్జ్‌షైర్‌లో ‘సిక్స్ మైల్ బాటమ్’ అనే గ్రామం ఉంది. దక్షిణాన సుద్దకొండల ప్రాంతంలో నీరు పారని ఎండు లోయలను కూడా బాటమ్ అనే అంటారు.

ఇక ‘షఫుల్’ అంటే పేకముక్కలు కలపడం గానీ, కాళ్ళు ఈడ్చుకుంటూ నడవడం గానీ కాదు. ఆ క్రియాపదం 16వ శతాబ్దంలో గాని ఇంగ్లీషు రాతల్లోకి రాలేదు. లాంకషైర్‌లో బరీ పట్టణానికి దగ్గర, వామ్‌స్లీ ప్రాంతంలో షిప్పర్‌బాటమ్ అనే చోటు ఉంది. ఈ ఇంటిపేరుకు పుట్టిల్లు అదే. మధ్యయుగపు పత్రాల్లో ఆ పేరు ‘షిప్పెవల్లెబోథెమ్’ అన్నట్టుగా కనిపిస్తుంది. దాన్ని విడదీస్తే మూడు ముక్కలు వస్తాయి. మొదటిది ‘షిప్’, అంటే గొర్రె. ప్రాచీన ఆంగ్లంలో గొర్రె అనే మాట ప్రాంతాన్ని బట్టి రెండు మూడు రకాలుగా పలికేది; ఈనాటి ‘షీప్’ ఒక మాండలికం నుంచి వస్తే, షిప్లీ, షిప్టన్ వంటి ఊళ్ళ పేర్లలోని ‘షిప్’ మరో మాండలికపు రూపం. యార్క్‌షైర్‌లోని స్కిప్టన్ కూడా గొర్రెల ఊరే, కాకపోతే అక్కడ స్థిరపడిన స్కాండినేవియన్ల నోట ‘ష’ కాస్తా ‘స్క’ అయింది. రెండో ముక్క ‘వల్లె’, అంటే ఊట లేదా చిన్న వాగు. ఈనాటి ‘వెల్’ అనే మాటకు ఆ ప్రాంతపు ఉచ్చారణ. మూడోది ‘బోథెమ్’. మూడూ కలిపితే ‘గొర్రెల ఊట ఉన్న లోయ’ అని అర్థం. కొండమీద గొర్రెలను మేపుకొనే వాళ్ళు మందను నీటికి దింపే చోటుకు పెట్టుకొన్న పేరది. ఇందులో ఎగతాళికి చోటెక్కడుంది?

ఆ పేరు ఎలా అరిగిందో చూడండి. ‘షిప్పెవల్లె’లో నడుమనున్న ‘వ’ జారిపోయి ‘షిప్పెల్’ అయింది. చోటు పేరులో ‘ల’ కాస్తా ‘ర’గా మారి షిప్పర్‌బాటమ్ అయింది. మనుషుల పేరులో మాత్రం ‘ప’ కాస్తా ‘ఫ’గా మెత్తబడి, అప్పటికే వాడుకలో ఉన్న ‘షఫుల్’ అనే మాట పక్కన చేరింది. ఆ లోయ నుంచి కదిలిపోయిన వాళ్ళకు, వాళ్ళ పేర్లు రాసుకొనే చర్చి గుమాస్తాలకు ‘షిప్పెల్’ అంటే ఏమిటో తెలియదు, ‘షఫుల్’ అంటే తెలుసు. తెలియని మాటను తెలిసిన మాటగా దిద్దుకోవడం జనం నాలుకకు అలవాటు. దీన్నే మన వాళ్ళు జననిరుక్తి అంటారు. నా పరిశీలనలో ఈ తెగ ఇంటిపేర్లన్నిటిలోనూ తోక భద్రంగా నిలిచింది, తల మాత్రమే మారుతూ వచ్చింది. ‘బాటమ్’ అందరికీ అర్థమైన మాట కాబట్టి నిలిచింది. దాని ముందున్న మాట ఆ ఒక్క లోయకే చెందినది కాబట్టి, లోయ దాటగానే చెదిరింది.

దీనికి మంచి సాక్ష్యం మన దగ్గరే ఉంది. మద్రాసు మౌంట్ రోడ్డులోని హిగ్గిన్‌బాతమ్స్ పుస్తకాల దుకాణం పేరు ఇక్కడ వినని వారు ఉండరు. ఏబెల్ జాషువా హిగ్గిన్‌బాతమ్ 1844లో దాన్ని ప్రారంభించారు. ఇప్పుడున్న తెల్లని భవనం 1904 నాటిది. మా తాతగారి బీరువాలోని ఒక ఇంగ్లీషు నిఘంటువులో, అట్ట లోపలి వైపు ఎడమ మూలన, గోరంత కాగితపు చీటీ ఒకటి అంటించి ఉండేది. నీలి రంగు వెలిసి బూడిద రంగుకు తిరిగినా, దాని మీద ఆ దుకాణం పేరు, ‘మౌంట్ రోడ్’ అన్న మాట చదవడానికి వీలుగానే ఉండేవి. ఇంట్లో పెద్దవాళ్ళు ఆ పేరును ‘హిగ్గిన్ బాదం’ అని పలికేవారు. బాదం పప్పుల వ్యాపారం చేసే దొర ఎవరో పుస్తకాలు కూడా అమ్మాడని మా పిల్లలందరి నమ్మకం. ఇంగ్లండులో ఆ పేరుకు జరిగింది కూడా సరిగ్గా ఇదే. బోల్టన్ దగ్గర ఓకెన్‌బాటమ్ అనే చోటు ఉంది. ‘ఓక్ చెట్ల లోయ’ అని అర్థం. దాని పాత ఉచ్చారణలో మొదటి ముక్క ‘ఏకిన్’, ‘ఎకిన్’ అన్నట్టుగా ఉండేది. ఆ ఓక్ చెట్టు జ్ఞాపకం చెదరగానే, రిచర్డ్ అనే పేరుకు ముద్దుపేర్లయిన హిక్, హిగ్గిన్ దాని స్థానంలోకి వచ్చి కూర్చున్నాయి. అలా ఓక్ లోయ వారు హికిన్‌బాతమ్‌లు, హిగ్గిన్‌బాటమ్‌లు అయ్యారు. మనం తోకను బాదం చేసుకొన్నాం, వాళ్ళు తలను హిగ్గిన్ చేసుకొన్నారు.

ఇదే పేరు మన దేశంలో ఇంకోచోట మరో అక్షరక్రమంతో స్థిరపడింది. 1910లో అలహాబాదులో వ్యవసాయ విద్యాసంస్థను స్థాపించిన శాం హిగ్గిన్‌బాటమ్ మాంచెస్టర్‌లో పుట్టిన మనిషి. ఆ సంస్థ ఇప్పుడు ఆయన పేరుతోనే విశ్వవిద్యాలయంగా నడుస్తోంది. బోల్టన్ నుంచి మాంచెస్టర్ కూతవేటు దూరమే. మద్రాసులో ‘బాతమ్’, అలహాబాదులో ‘బాటమ్’. రెండూ ఒకే లోయ మాటలు. ఐర్లండు మీదుగా ఆస్ట్రేలియా చేరిన శాఖ కూడా ఒకటి ఉంది: డబ్లిన్‌లో పుట్టి, అప్పటికి బ్రిటిష్ వలస ప్రాంతమైన విక్టోరియాకు 1886 నుంచి 1892 వరకు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న జార్జ్ హిగిన్‌బాతమ్ తన పేరులో ఒక్క ‘గ’తో సరిపెట్టుకొన్నారు. అమెరికాలో ఈ పేరు బాగా వ్యాపించింది. ఫెడరల్ న్యాయమూర్తిగా పేరొందిన నల్లజాతీయుడు లియాన్ హిగ్గిన్‌బాతమ్ ఇంటిపేరు కూడా ఇదే.

ఇక ఈ పేర్లు ఏ ప్రాంతానివన్న విషయానికి వస్తాను. బాటమ్ తోక ఉన్న ఇంటిపేర్లను పటం మీద గుర్తిస్తూ పోతే, అవి ఇంగ్లండు అంతటా చెదిరి ఉండవు. పెనైన్ కొండలకు రెండు పక్కలా, అంటే లాంకషైర్ ఆగ్నేయ భాగంలో, చెషైర్ తూర్పున, యార్క్‌షైర్ పడమటి అంచున గుమిగూడి ఉంటాయి. ‘షఫుల్‌బాతమ్’ అనే రూపం ఇంకొంచెం దక్షిణానికి, స్టాఫర్డ్‌షైర్ దాకా కూడా కనిపిస్తుంది. పేరు పొందిన వాళ్ళు పుట్టిన ఊళ్ళను చూసినా ఇది తెలుస్తుంది. ఇంగ్లండు ఫుట్‌బాల్ జట్టుకు మొదటి మేనేజర్ వాల్టర్ వింటర్‌బాటమ్ ఓల్డమ్‌లో పుట్టారు. చిత్రదర్శకుడు మైకేల్ వింటర్‌బాటమ్ బ్లాక్‌బర్న్ వారు. క్రికెట్ ఆడిన సైడ్‌బాటమ్ తండ్రీకొడుకుల్లో ఆర్నాల్డ్ బార్న్‌స్లీలోను, రయన్ హడర్స్‌ఫీల్డ్‌లోను పుట్టారు. ఆవిరి యంత్రాలకు ఎవరూ చెడగొట్టలేని సేఫ్టీ వాల్వును రూపొందించిన జాన్ రామ్స్‌బాటమ్ 1814లో టాడ్‌మోర్డన్‌లో జన్మించారు. ఈ ఊళ్ళన్నీ ఒకే కొండల వరుసకు అటూ ఇటూ ఉన్నవే. వింటర్‌బాటమ్ అంటే చలికాలపు మేతకు పశువులను దింపే లోయ. సైడ్‌బాటమ్‌లోని ‘సైడ్’కు పక్క అని అర్థం కాదు, ప్రాచీన ఆంగ్లంలో అది విశాలమైనది అని చెప్పే మాట. రామ్స్‌బాటమ్ ఇర్వెల్ నది ఒడ్డున ఇప్పటికీ ఉన్న పట్టణం. అడవి వెల్లుల్లి పెరిగే లోయ అని కొందరు, పొట్టేళ్ళ లోయ అని కొందరు చెబుతారు. నేను వెల్లుల్లి వైపే మొగ్గుతాను, ఎందుకంటే తడి నేల ఉన్న నీడ లోయల్లో అది విరివిగా పెరుగుతుంది.

ఈ కొండల్లోనే ఇన్ని పేర్లు ఎందుకు పుట్టాయంటే, దానికి అక్కడి కాపురాల తీరే కారణం. దక్షిణ ఇంగ్లండులో లాగా చర్చి చుట్టూ ఇళ్ళు గుంపుగా చేరిన పెద్ద గ్రామాలు ఇక్కడ తక్కువ. వాగుకొక ఇల్లు, లోయకొక కమతం. అందుచేత ఒక్కో లోయ పేరు ఒక్కో కుటుంబానికి గుర్తుగా నిలిచింది. ఒక పెద్ద ఊరి పేరు ఎందరెందరికో ఇంటిపేరవుతుంది గానీ, ఒంటరి లోయ పేరు ఒకటి రెండు కుటుంబాలకే దక్కుతుంది. షఫుల్‌బాటమ్ ఇంత అరుదైన పేరు కావడానికి మూలం ఇక్కడే ఉంది. తరవాత నూలు మిల్లులు వచ్చినప్పుడు అవి ఆ వాగుల ఒడ్డునే, బరీలో, బోల్టన్‌లో, ఓల్డమ్‌లో వెలిశాయి. పని వెతుక్కొంటూ దూరం పోవలసిన అవసరం ఆ కుటుంబాల్లో చాలామందికి రాలేదు, పేరూ అక్కడే నిలిచిపోయింది.

ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు కొత్త కాదు. అయితే తెలుగు ఈ పని చేసే తీరులో ఒక అందం ఉంది. కందుకూరు కందుకూరి అవుతుంది, వేటూరు వేటూరి అవుతుంది. ఆ చివరి ‘ఇ’ ఔపవిభక్తికం. ‘ఆ ఊరికి చెందిన’ అనే అర్థాన్ని పేరులోనే దాచుకొంటుంది. మధ్యయుగపు ఇంగ్లీషు పత్రాల్లో ఈ పని చేయడానికి ఊరి పేరుకు ముందు ఫ్రెంచి నుంచి తెచ్చుకొన్న ‘ద’ అనే ముక్క ఉండేది: రిచర్డ్ ‘ద’ ఫలానా లోయ. కాలక్రమాన అది రాలిపోయి, మనిషి పేరు పక్కన లోయ పేరు ఏ విభక్తీ లేకుండా మిగిలింది. విభక్తి రాలిపోయిన పేరు కాబట్టే ఈనాడు విన్నవారికి అది చోటు పేరని తట్టదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఈ ‘బాటమ్’ మనకు పరాయిది కాదు. పంచాంగం చూసే అలవాటున్న వారికి ఉత్తరాభాద్ర నక్షత్రానికి అధిదేవత అహిర్బుధ్న్యుడని తెలుసు. వేదంలో ‘అహిః బుధ్న్యః’ అని రెండు పదాలుగా ఉంటుంది. అడుగున, లోతుల్లో ఉండే సర్పం అని అర్థం. బుధ్నం అంటే అడుగు. బృహదారణ్యకోపనిషత్తులో శిరస్సును వర్ణిస్తూ ‘అర్వాగ్బిలశ్చమస ఊర్ధ్వబుధ్నః’ అని ఒక మంత్రం వస్తుంది: మూతి కిందికి, అడుగు పైకి ఉన్న చమసం అది. బోర్లించిన గిన్నెను కళ్ళకు కట్టించే మాట. ఆ గిన్నె అడుగే బుధ్నం, అదే ఇంగ్లీషు బాటమ్. సంస్కృతానికీ చాలా ఐరోపా భాషలకూ మూలమైన ఇండో-యూరోపియన్ భాషలోని ఒకే ధాతువుకు రెండూ పిల్లలు. మూలంలో ‘భుధ్’ అన్నట్టుగా రెండు మహాప్రాణాలు, అంటే ఒత్తి పలికే హల్లులు, వరసగా ఉండేవి. సంస్కృతం మొదటిదాన్ని అల్పప్రాణం చేసి బుధ్న అంది, గ్రీకు కూడా అదే పని చేసి పుథ్మేన్ అంది. ఈ మార్పునే 1863లో దాన్ని వివరించిన జర్మన్ పండితుడు గ్రాస్మన్ పేరుతో పిలుస్తారు. లాటిన్‌లో అది ఫుందుస్. కంటి డాక్టర్లు ‘ఫండస్’ చూడాలి అన్నప్పుడు వాళ్ళు చెబుతున్నది కంటి అడుగు గురించే. జర్మన్ బోడెన్, డచ్చి బోడెమ్ కూడా ఇదే కుటుంబం.

చివరగా, ‘బాతమ్’ అని రాసుకొనే వాళ్ళు సిగ్గుపడి అక్షరం మార్చుకొన్న వాళ్ళా అని నిన్న ఒక మిత్రులు అడిగారు. కొన్ని కుటుంబాల విషయంలో అలా జరిగి ఉండవచ్చు గానీ, ‘థ’ కొత్తగా తెచ్చిపెట్టుకొన్నది కాదు. ‘బోథెమ్’ అనే రూపం ఆ ఉత్తరపు లోయల్లో మధ్యయుగాల నుంచీ ఉన్నదే. 1980లో బొంబాయి స్వర్ణోత్సవ టెస్టులో శతకం కొట్టి, 13 వికెట్లు తీసిన ఇయాన్ బోథమ్ ఇంటిపేరు ముందు ఏ ముక్కా తగిలించని ఉత్త ‘బోథమ్’; లోయలో ఉండేవాడు అనే దాని అర్థం. కాబట్టి తెలుగులో ఈ పేర్లు రాసేటప్పుడు ఆయా కుటుంబం వాడుకొనే అక్షరక్రమాన్నే అనుసరించి, ఒకరిని బాటమ్ అని, ఒకరిని బాతమ్ లేదా బోథమ్ అని రాయడమే సరైనదని నా అభిప్రాయం. రెండింటిలో ఏదీ మరొకదానికి అపభ్రంశం కాదు.