టీవీలో చూస్తుంటే వచ్చే భిన్నాల లెక్క నోట్‌బుక్‌లో రావడం లేదు

మా బాబు ఆరో తరగతి, తెలుగు మీడియం. యూట్యూబ్‌లో ఉన్న టీ-శాట్ విద్య (తెలంగాణ ప్రభుత్వ విద్యా ఛానెల్) పాఠాలను సాయంత్రం ఏడింటి నుంచి అరగంట టీవీలో పెడుతున్నాం. చూస్తున్నంతసేపూ టీచర్ కంటే ముందే జవాబు చెప్తాడు. టీవీ కట్టేసి పెన్సిల్ చేతికిస్తే 1/2 + 1/3 = 2/5 అని రాస్తాడు. లవాలు లవాలతో, హారాలు హారాలతో కూడేస్తున్నాడు. 2/7 + 3/7 లాంటివి తప్పు పోవు. 2, 3ల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) విడిగా అడిగితే 6 అని ఠక్కున చెప్తాడు, లెక్కలో మాత్రం దాన్ని వాడడు.

వీడియో వేగం 0.75కి తగ్గించాను. అదే పాఠం మళ్లీ చూపించాను. చూస్తూ నోట్స్ రాయించాను, అక్షరం పొల్లుపోకుండా రాశాడు గానీ లెక్క మారలేదు. చపాతీ ముక్కలు చేసి చూపిస్తే, సగం కంటే 2/5 తక్కువ కాబట్టి ఆ జవాబు కుదరదని వాడే ఒప్పుకున్నాడు. నాకు చాలా ఆశ కలిగింది. మర్నాడు మళ్లీ అదే తప్పు! యూనిట్ టెస్ట్ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. టీవీ పాఠం మాన్పించాలని లేదు, లెక్కలకు వాడు ఇష్టంగా కూర్చునేది అప్పుడే.

టీవీ పాఠాలతో పిల్లలకు లెక్కలు నేర్పినవాళ్లు దయచేసి చెప్పండి: పాఠం నడుస్తుండగా ఏ చోట ఆపి, వాడితో ఏం చేయించాలి?