పగలే కుట్టే దోమలు, డెంగీ టెన్షన్

మియాపూర్ అమ్మ: మా అపార్ట్‌మెంట్‌లో ఈ వానలకి ఇద్దరికి డెంగీ వచ్చింది. రాత్రి దోమతెర కడుతున్నాం, సాయంత్రమే కిటికీలన్నీ వేసేస్తున్నాం, అయినా పొద్దున్నే బాబు కాళ్ల మీద దద్దుర్లు. దగ్గర్లో మురిక్కాలువ కూడా లేదు, ఎక్కణ్ణుంచి వస్తున్నాయండీ ఇవి?

గోదారోడు: మురిక్కాలువ దాకా ఎందుకండీ, డెంగీ దోమ మన ఇంట్లోనే పుడుతుంది. కాళ్ల మీద తెల్లచారలుండే ఈడిస్ దోమ నిలవున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది, కుట్టేది పగలే. ఫ్రిజ్ వెనక ట్రే చూశారా? మేం ఇల్లంతా వెతికాక చివరికి పురుగులు అక్కడే కనిపించాయి, దాన్నెవరు చూస్తారు!

వరంగల్ టీచర్: నీళ్లు పారబోస్తే సరిపోదు, పీచుతో తోమాలి. తొట్టి అంచుకి అంటుకున్న గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు, అందుకే వారానికోసారి డ్రై డే, అంటే నీళ్లు నిలిచేవన్నీ ఖాళీ చేసి తోమి ఆరబెట్టే రోజు.

మియాపూర్ అమ్మ: బాబోయ్, మనీప్లాంట్ సీసాలో ఉన్నాయి! థాంక్సండీ.

నర్సమ్మ: బాబుకి జ్వరమొస్తే పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. డెంగీ తెలిపే ఎన్‌ఎస్1 రక్త పరీక్ష జ్వరమొచ్చిన మొదటి 5 రోజుల్లోనే చేయించండి. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకోకండి, అసలు ప్రమాదం అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం ఉంటే వెంటనే ఆస్పత్రికే.