ఉలి నూరే రాయికి ఏ నూనె మంచిది? నా రాయి మీద ఉలి అరగడం మానేసింది

ఎంవీపీ_చెక్కపని:
అందరికీ నమస్తే. ఏడాది నుంచి ఇంట్లో గరిటెలు, చిన్న బొమ్మలు చెక్కుతున్నా, కర్ర ఏటికొప్పాక వైపు వెళ్ళినప్పుడు తెచ్చుకునే అంకుడు. రాయి మామూలు కార్బొరాండం, ఒకవైపు గరుకు ఒకవైపు నున్న. గరిటెలకి పూయడానికి కొన్న అవిసె నూనె మిగిలితే అదే రాయి మీద వేసి నూరుతూ వచ్చా, మొదట్లో బానే ఉండేది, ఇప్పుడు రాయి వార్నిష్ కొట్టినట్టు మెరుస్తోంది, ఉలి జారుతోంది తప్ప అరగట్లేదు, అంకుడు అంత మెత్తటి కర్ర కూడా తెగకుండా నలిగిపోతోంది. రాయి పోయినట్టేనా? ఒకళ్ళు కొబ్బరినూనె అంటారు ఒకళ్ళు కిరోసిన్ అంటారు, ఏం వాడమంటారు?

గాజువాక_టర్నర్:
రాయి పోలేదు గురూ, కన్నాలు పూడిపోయాయి అంతే. అవిసె నూనె గాలి తగిలితే గట్టిపడి పొరకడుతుంది, గరిటెకి అందుకే పూస్తాం కదా, అదే పొర రాయి మీద కడితే ఇనప రజను కూడా అందులో ఇరుక్కుని రాయి గరుకు పైకి రాదు. రాయి మీద నూనె వేసేదే ఆ రజను తేలి పక్కకి పోవడానికి. కాబట్టి ఎండని నూనె కావాలి, పల్చగా ఉండాలి. కుట్టు మిషన్ నూనె ఐతే రెండూ కుదురుతాయి. ఇంజన్ ఆయిల్ వద్దు, చిక్కగా ఉండి ఉలి దాని మీద తేలిపోతుంది.
శుభ్రం చెయ్యడానికి రాత్రంతా కిరోసిన్‌లో గానీ పెయింట్ షాపులో అమ్మే టర్పెంటైన్‌లో గానీ నానబెట్టి బ్రష్షుతో గట్టిగా తోము, పొయ్యికి దూరంగా, కిటికీలు తీసి. బాగా ముదిరిన పొర దానికి వదలదు, అప్పుడు మందపాటి గాజు పలక మీద 120 నంబరు వాటర్ పేపర్ (నీళ్ళతో తడిపి రుద్దే గరుకు కాగితం) పరిచి నీళ్ళు చల్లి రాయిని రుద్దెయ్. మధ్యలో గుంట పడి ఉంటే అదీ సమం అవుతుంది.

పెద్దవాల్తేరు_బొమ్మలు:
నేను మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ వాడుతున్నానండీ, వాసన ఉండదు, రంగుండదు, వంటింటి సామాను చెక్కేవాళ్ళకి అదే నయం. కాస్త చిక్కగా అనిపిస్తే లైట్ రకం అడగండి. ఏ నూనైనా సరే నూరాక ఉలిని పొడిగుడ్డతో బాగా తుడిచాకే కర్ర మీద పెట్టండి, తెల్లటి అంకుడు మీద నూనె మరక పడితే పోదు, ఆ చోట తర్వాత లక్క గానీ రంగు గానీ సరిగా పట్టదు. పని అయ్యాక మాత్రం ఉలికి పల్చగా నూనె రాసే పెట్టండి, మన సముద్రపు గాలికి తుప్పు ఎంత తొందరగా పడుతుందో మీకే తెలుసు.
ఇంకో ముఖ్యమైన మాట, అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకండి, వాటికవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా ఆరేసి అప్పుడు పారెయ్యండి.

అనకాపల్లి_వడ్రంగి:
బాబూ, మా నాన్న కొబ్బరినూనెలో కిరసనాయిలు కలిపి జీవితమంతా నూరేరు, రాయి చెడలేదు. ఎందుకంటే సాయంత్రం రాయి తుడవకుండా లేచేవారు కాదు. కొబ్బరినూనె అవిసెలాగా ఎండిపోదు గానీ వదిలేస్తే ముక్కిపోయి జిగురవుద్ది, చలికాలం అరకు వైపు ఐతే సీసాలోనే గడ్డకడతది, అందుకే కిరసనాయిలు. నా మాట ఏటంటే రెండు మూడు చుక్కలు వెయ్, నల్లగా అవగానే తుడిచి మళ్ళీ వెయ్. గుండ్రం ఉలికి లోపల పక్క కూడా చూసుకో, నూరినప్పుడు అంచు లోపలికి మడత పడతది, గుండ్రటి చిన్న రాయితో మెల్లగా తీసి, ఆఖర్న తోలు మీద వెనక్కి లాగు. ముందుకి తోశావా తోలు తెగుద్ది.

ఎంవీపీ_చెక్కపని:
చాలా థాంక్సండీ అందరికీ. కిరోసిన్ మా వైపు దొరకలేదు, టర్పెంటైన్‌లో నానబెడితే సగమే వదిలింది, మిగతాది వాటర్ పేపర్ మీద గంట రుద్దితే పోయింది, రాయి మళ్ళీ బూడిదరంగుకి వచ్చింది. మిషన్ నూనె వేసి నూరా, అంకుడు మీద అడ్డంగా కోసినా నున్నగా తెగుతోంది. ఒకటే డౌటు, ఇదే రాయిని ఇకనుంచి నీళ్ళతో వాడొచ్చా?

గాజువాక_టర్నర్:
వద్దు. నూనె తాగిన రాయి మీద నీళ్ళు నిలవవు, ముత్యాల్లా జారిపోతాయి. నీళ్ళతోనే కావాలంటే డైమండ్ ప్లేట్ (వజ్రపు పొడి అతికించిన లోహపు పలక) వేరేగా కొనుక్కో, నూరగానే ఉలిని ఆరబెట్టి నూనె పుయ్యి. దీన్ని నూనెకే ఉంచెయ్.